రాళ్ళు తీశాక కూడా తగ్గని కడుపునొప్పికి తలకు కరెంటు పెట్టించవచ్చా?

ప్రశ్న: మా ఆయనకు 41 ఏళ్ళు. మందు తాగే అలవాటు లేదు. ఏడేళ్ళ క్రితం పొట్ట పైభాగంలో నొప్పి వస్తే ప్యాంక్రియాస్ పాడైందనీ, దాని గొట్టంలో రాళ్ళున్నాయనీ చెప్పారు. హైదరాబాద్‌లో రాళ్ళు పగలగొట్టి, స్టెంట్ వేసి, తర్వాత తీసేశారు. ఏడాది బాగానే ఉన్నారు. మళ్ళీ మొదలైంది. తిన్న అరగంటకు నొప్పి, వీపులోకి పోటు. ట్రమడాల్ 50 మాత్రలు రోజుకు ఆరు వేసుకుంటున్నారు. షుగర్ కూడా వచ్చింది, ఇన్సులిన్ మీద ఉన్నారు. కిందటేడాది స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదన్నారు. ఇప్పుడు ఒక క్లినిక్ వాళ్ళు తలకు అయస్కాంతం పెట్టి 30 సిట్టింగులు ఇస్తే నొప్పి పోతుందంటున్నారు. మొత్తం ముందే కడితే తగ్గింపట. మా తమ్ముడేమో అంత డబ్బెందుకు, తలకు పెట్టుకునే చిన్న కరెంటు మెషిన్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, తెప్పిస్తానంటున్నాడు. ఇది షాక్ ట్రీట్‌మెంటేనా? తలకు వైద్యం అనగానే మా అత్తగారు "అయితే నొప్పి వాడి మనసులోదే అన్నమాట" అంటున్నారు. ఏం చేయాలో చెప్పండి. ఇంకొకటి: మా అమ్మాయికి 13 ఏళ్ళు. తనకీ అప్పుడప్పుడూ కడుపునొప్పి వస్తోంది. ఇది పనిచేస్తే తనకీ చేయించవచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ముందుగా రెండు మాటలు. ఆ 30 సిట్టింగుల డబ్బు ఇప్పుడే కట్టకండి. మీ తమ్ముడిని ఆ మెషిన్ తెప్పించవద్దనండి. ఈ వైద్యం బూటకమని ఇలా చెప్పడం లేదు. దానికి ముందు చూసుకోవాల్సినవి మీ ఆయన విషయంలో ఇంకా మిగిలే ఉన్నాయి. అవి అయ్యాక కూడా నొప్పి ఉంటే దీన్ని ఒక పద్ధతి ప్రకారం, కొద్ది రోజులు ప్రయత్నించి చూడవచ్చు.

ఇది షాక్ ట్రీట్‌మెంట్ కాదు. షాక్ ట్రీట్‌మెంట్‌లో రోగికి మత్తు ఇచ్చి, సుమారు 800 మిల్లీయాంపుల కరెంటుతో కావాలనే ఫిట్స్ తెప్పిస్తారు. మీకు చెప్పిన రెండు పద్ధతుల్లోనూ మనిషి మెలకువగా కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఫిట్స్ రాకూడదనే జాగ్రత్తలన్నీ తీసుకుంటారు. క్లినిక్ వాళ్ళు చెప్పింది ఆర్‌టీఎమ్‌ఎస్. 8 అంకె ఆకారంలో ఉన్న తీగచుట్టను (కాయిల్) తలకు ఆనించి, క్షణకాలం ఉండే బలమైన అయస్కాంత తరంగాలు పంపుతారు. అవి పుర్రె దాటి మెదడు పైపొరలో చిన్న కరెంటు పుట్టిస్తాయి. మనిషి మెదడును ఇలా బయటినుంచి కదిలించవచ్చని 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంటొనీ బార్కర్ బృందం చూపించింది. మీ తమ్ముడు చెప్పింది టీడీసీఎస్. అందులో ఉప్పునీటితో తడిపిన రెండు స్పాంజి ప్యాడ్ల మధ్య 1 నుంచి 2 మిల్లీయాంపుల కరెంటు 20 నిమిషాలు పంపుతారు. షాక్‌లో వాడేదానితో పోలిస్తే ఇది నాలుగు వందల్లో ఒక వంతు. ఇది మెదడు కణాలను బలవంతంగా పనిచేయించదు, వాటి చురుకును కాస్త పెంచుతుంది లేదా తగ్గిస్తుంది, అంతే.

కడుపులో నొప్పికి తలలో వైద్యం ఎందుకన్నది మీ అత్తగారి అనుమానం. ప్యాంక్రియాస్ ఏళ్ళ తరబడి వాచి గట్టిపడుతున్నప్పుడు అందులోని నరాలు దెబ్బతింటాయి, లావెక్కుతాయి. అవి పంపే నొప్పి సంకేతాలు వెన్నుపాములోకీ మెదడులోకీ రోజూ పోతూ ఉంటే, కొన్నాళ్ళకు అక్కడి కణాలే అతిగా స్పందించడం మొదలుపెడతాయి. తలుపు తట్టినవాడు వెళ్ళిపోయినా కుక్క మొరుగుతూనే ఉన్నట్టు, గొట్టంలో రాయి తీసేశాక కూడా నొప్పి కొనసాగేది ఇందుకే. ఇది భ్రమ కాదు. మెదడులో ఎంఆర్‌ఐకి, కొలతలకు అందే మార్పు. అత్తగారికి ఒక్క మాట చెప్పండి: నొప్పి మొదలైంది ప్యాంక్రియాస్‌లో, ఇప్పుడు దాన్ని పెంచి చూపిస్తున్నది నరాల వ్యవస్థ, రెండూ శరీరమే.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1991లో జపాన్‌లో సుబోకావా బృందం, పక్షవాతం తర్వాత వచ్చే భరించలేని నొప్పికి, పుర్రె తెరిచి, కాళ్ళూ చేతులను కదిలించే మెదడు భాగం మీద ఎలక్ట్రోడ్లు అమర్చి ఉపశమనం చూపింది. కదలికలను నడిపే భాగాన్ని తాకితే నొప్పి తగ్గడం చాలామందిని ఆశ్చర్యపరిచింది. అక్కడినుంచి సంకేతాలు మెదడు లోపల ఉండే థాలమస్ అనే భాగానికీ, మెదడు కాండంలో నొప్పిని అణిచే కేంద్రాలకూ వెళతాయి. శరీరం తనంతట తాను తయారుచేసుకునే మార్ఫిన్ లాంటి పదార్థాలు విడుదలవుతాయి. వాటిని అడ్డుకునే నలాక్సోన్ అనే మందు ముందుగా ఇస్తే ఈ ఉపశమనం తగ్గిపోయినట్టు 2011లో ఒక ప్రయోగంలో తేలింది. పుర్రె తెరవకుండా అదే పని చేయించే ప్రయత్నమే ఈ బయటి పద్ధతులు.

మరి కడుపునొప్పికి రుజువులు ఎంత? నరాలు దెబ్బతిన్న నొప్పుల విషయంలో, మెదడు కదలికల భాగం మీద వేగంగా ఇచ్చే ఆర్‌టీఎమ్‌ఎస్‌కు యూరప్ నిపుణుల బృందం 2014లోనూ 2020లోనూ అత్యున్నత స్థాయి రుజువు ఉందని తేల్చింది. కడుపు లోపలి అవయవాల నొప్పికి అంత బలం లేదు, ఉన్నవన్నీ చిన్న ప్రయోగాలే. మీ ఆయన జబ్బు మీదే 2005లో ఫ్రెగ్ని బృందం బోస్టన్‌లో ఐదుగురి మీద చేసింది. మెదడులో లోపలి అవయవాల స్పర్శను అందుకునే ఒక భాగం చెవికి పైన, మడతలో ఉంటుంది. దాని మీద కుడివైపు, సెకనుకు ఒక్కో తరంగం చొప్పున నెమ్మదిగా ఇచ్చినప్పుడు నొప్పి తగ్గింది. 2011లో అదే బృందం 17 మంది మీద పది రోజులు చేసింది. నిజమైన వైద్యం పొందినవాళ్ళలో నొప్పి సుమారు 27 శాతం, ఉత్తుత్తి వైద్యం పొందినవాళ్ళలో 1 శాతం తగ్గింది. టీడీసీఎస్ విషయానికొస్తే, బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి వాళ్ళు 2016లో క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగు వాపు జబ్బులున్న 20 మంది మీద, రోజుకు 20 నిమిషాలు, 2 మిల్లీయాంపులు, వరసగా ఐదు రోజులు ప్రయోగం చేశారు. ఉత్తుత్తి వైద్యంతో పోలిస్తే పొట్టనొప్పి తగ్గింది.

కాబట్టి ఆశ పెట్టుకోవడంలో తప్పు లేదు. కానీ 27 శాతం అంటే ఏమిటో చూడండి: పదికి ఏడు ఉన్న నొప్పి ఐదుకు వస్తుంది. రాత్రి నిద్ర పట్టడానికి అది చాలవచ్చు. "నొప్పి పోతుంది" అన్న క్లినిక్ మాటకూ దీనికీ చాలా దూరం. పైగా ఆ ఫలితం వారాలే నిలుస్తుంది. ఇక 30 అన్న సంఖ్య వచ్చింది డిప్రెషన్ వైద్యం నుంచి. అమెరికాలో 2008లో డిప్రెషన్‌కు ఆర్‌టీఎమ్‌ఎస్ అనుమతి పొందింది. వారానికి ఐదు చొప్పున ఆరు వారాలు ఇస్తారు, ఎడమ నుదుటి వెనుక భాగం మీద. కొన్నిచోట్ల ఏ జబ్బుతో వెళ్ళినా ఆ ఒక్క పద్ధతే పెడతారు. మీ ఆయనకు డిప్రెషన్ కూడా ఉంటే దానికి అది పనికొస్తుంది, మాట వేరు. ప్యాంక్రియాస్ నొప్పికే అయితే కాయిల్ ఎక్కడ పెడతారని అడగండి. "నుదుటి మీదే, అందరికీ అక్కడే" అంటే లేచి రండి.

ఇక ముందు చూసుకోవాల్సినవి. కిందటేడాది స్కాన్ ఇప్పటికి పాతది. మళ్ళీ రాయి చేరిందా, గొట్టం ఎక్కడైనా ఇరుకైందా, నీటితిత్తి ఏర్పడిందా అన్నది తేలాలి. అందుకు సీటీ లేదా ఎంఆర్‌సీపీ (ప్యాంక్రియాస్ గొట్టాలను చూపే ఎంఆర్‌ఐ స్కాన్) కావాలి. మామూలు అల్ట్రాసౌండ్‌లో ప్యాంక్రియాస్ ముందు గ్యాస్ అడ్డుపడి సగం కనపడదు. ఇలాంటి జబ్బు ఏళ్ళుగా ఉన్నవాళ్ళలో క్యాన్సర్ ముప్పు మామూలు వాళ్ళకన్నా ఎక్కువ కాబట్టి, నొప్పి తీరు మారినా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకూడదు. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి లాంటి చోట ఈ రాళ్ళను బయటినుంచి తరంగాలతో పొడి చేసి, ఎండోస్కోపీతో తీయడంలో చాలా అనుభవం ఉంది. రాయి మళ్ళీ కనిపిస్తే ముందు చేయించాల్సింది అది. గొట్టం ఉబ్బి ఉంటే సర్జన్ అభిప్రాయం కూడా తీసుకోండి. నెదర్లాండ్స్‌లో 88 మంది మీద చేసి 2020లో ప్రచురించిన ప్రయోగంలో, ఎండోస్కోపీలతో కాలం గడిపినవాళ్ళకన్నా త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు నొప్పి బాగా తగ్గింది. ఆపరేషన్ అన్న మాట వినగానే వాయిదా వేయడం మనవాళ్ళకు అలవాటు. ఈ జబ్బులో ఏళ్ళు వాయిదా వేసిన కొద్దీ నొప్పి మెదడులో పాతుకుపోతుంది, అప్పుడు గొట్టం బాగుచేసినా లాభం తక్కువ.

పాడైన ప్యాంక్రియాస్ ఇవ్వలేని జీర్ణరసాల బదులు వేసుకునే ఎంజైమ్ మాత్రల గురించి మీరు రాయలేదు. వాడుతుంటే ఎలా వాడుతున్నారో చూడండి. 10,000 యూనిట్ల మాత్ర ఒకటి, అదీ తినడానికి అరగంట ముందో తిన్న గంటకో వేసుకోవడం చాలా ఇళ్ళలో కనిపించే పొరపాటు. పూట భోజనానికి 40,000 నుంచి 50,000 యూనిట్లు కావాలి, టిఫిన్‌కు సుమారు 25,000. అవి అన్నంతో కలవాలి: మొదటి ముద్దతో సగం, మధ్యలో సగం. నమలకూడదు. మలం జిడ్డుగా, నీళ్ళు పోసినా పోకుండా అంటుకుంటోందంటే మోతాదు చాలడం లేదని అర్థం. ఎంజైమ్‌లు నొప్పి తగ్గిస్తాయన్న హామీ లేదు కానీ, ఉబ్బరం, బరువు తగ్గడం సర్దుకుంటాయి. పొగ తాగుతుంటే మాత్రం ఈ రోజే మానాలి. మందు తాగనివాళ్ళలోనూ పొగ ఈ జబ్బును ముందుకు తోస్తుంది.

ట్రమడాల్ గురించి కాస్త వివరంగా రాస్తాం, ఎందుకంటే ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. ఆరు మాత్రలంటే 300 మిల్లీగ్రాములు. గరిష్ఠ పరిమితి 400. మొదటిది, ట్రమడాల్ లాంటి మార్ఫిన్ తరహా మందులు పేగు కదలికను మందగింపజేస్తాయి. మలబద్ధకం, ఉబ్బరం వచ్చి అవే కొత్త నొప్పిగా మారతాయి, దానికి మళ్ళీ మాత్ర వేసుకుంటారు. ఏళ్ళు వాడితే నొప్పిని తట్టుకునే శక్తే తగ్గుతుంది. రెండోది, ట్రమడాల్ ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. ఆర్‌టీఎమ్‌ఎస్‌లో ఫిట్స్ రావడం చాలా అరుదు. కానీ ట్రమడాల్ మీద ఉన్న మనిషి, రాత్రంతా నిద్రలేక, ఇన్సులిన్ వేసుకుని నొప్పి భయంతో ఏమీ తినకుండా, షుగర్ పడిపోయి ఆ కుర్చీలో కూర్చుంటే లెక్క మారిపోతుంది. డిప్రెషన్‌కూ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్ లాంటి మందులు కూడా వాడుతుంటే మరీ జాగ్రత్త. క్లినిక్ వాళ్ళు ఈ ప్రశ్నలేవీ అడగకుండానే ప్యాకేజీ చెప్పారంటే అది మంచి గుర్తు కాదు. మూడోది, ట్రమడాల్ ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే చెమటలు, విరేచనాలు, నిద్రలేమి, రెట్టింపు నొప్పి. ఒకటి రెండు వారాలకు పదో వంతు చొప్పున తగ్గించడం ఒక మామూలు లెక్క. వేగం ఎంతన్నది మీ డాక్టర్ నిర్ణయించాలి. 2018 నుంచి ట్రమడాల్ మనదేశంలో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కిందకు వచ్చింది కాబట్టి చీటీ లేకుండా షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదిది. దీని బదులు ప్రీగాబాలిన్ అనే నరాల నొప్పి మందుకు ఈ జబ్బు నొప్పిలో ప్రయోగ రుజువు ఉంది. ఇప్పటిదాకా వాడకపోతే గ్యాస్ట్రో డాక్టర్‌ను అడగండి.

ఇవన్నీ అయ్యాక, గొట్టంలో తీయాల్సిందేమీ లేదని తేలాక, నొప్పి ఇంకా ఉంటే అప్పుడు మెదడు వైద్యం. చేసేది మెడికల్ కాలేజీ ఆసుపత్రి న్యూరాలజీ లేదా సైకియాట్రీ విభాగమైతే మేలు. మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి అయిన బెంగళూరు నిమ్హాన్స్‌లో రెండు పద్ధతులూ ఉన్నాయి. తలలో లోహపు క్లిప్పు, చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్, గుండెకు పేస్‌మేకర్, గతంలో ఫిట్స్ ఉంటే ముందే చెప్పాలి. తలలో లోహం, కాక్లియర్ ఇంప్లాంట్ ఉంటే ఆర్‌టీఎమ్‌ఎస్ చేయరు. పొట్టలో స్టెంట్ ఉన్నా దీనికి అడ్డు కాదు, అంత దూరానికి ఆ అయస్కాంత బలం చేరదు.

ఆర్‌టీఎమ్‌ఎస్ సరిగ్గా చేస్తున్నారో లేదో పక్కన కూర్చుని మీరే చూడవచ్చు. మొదటి రోజు కాయిల్‌ను తల మీద అటూ ఇటూ జరుపుతూ ఒక్కొక్క తరంగం ఇస్తారు. ఒకచోట పెట్టగానే అవతలి చేతి బొటనవేలు తనంతట తాను ఎగురుతుంది. అదే చేతి కదలికల భాగం. ఆ తర్వాత బలం తగ్గించుకుంటూ వచ్చి, పదిసార్లు ఇస్తే ఐదుసార్లయినా వేలు కదిలే కనీస బలం ఎంతో పట్టుకుంటారు. అది మనిషి మనిషికీ మారుతుంది, అసలు మోతాదు దాన్నిబట్టే. నొప్పికి మామూలుగా దానిలో 80 నుంచి 90 శాతం బలంతో, సెకనుకు 10 చొప్పున, పది సెకన్లు ఇచ్చి కాసేపు ఆపి, మొత్తం 1,500 నుంచి 3,000 తరంగాలు ఇస్తారు. ఇంచుమించు 20 నిమిషాలు. ఈ బొటనవేలి పరీక్ష చేయకుండా నేరుగా మెషిన్ ఆన్ చేస్తే అది మోతాదు తెలియకుండా మందు పోయడమే. కుడివైపు చెవి పైభాగం పద్ధతి అయితే ఆ చోటు మడతలో ఉంటుంది కాబట్టి ఎంఆర్‌ఐ చూసి గుర్తించే నావిగేషన్ కావాలి. అది లేకుండా అందాజుగా పెట్టేకంటే, బొటనవేలు చూసి పట్టుకోగలిగే కదలికల భాగం మీద చేయించుకోవడమే నయం.

ప్రతి తరంగానికీ టక్‌మని పెద్ద శబ్దం వస్తుంది. మీ ఆయనకూ, పక్కన కూర్చున్న మీకూ ఇయర్ ప్లగ్స్ ఇవ్వాలి. పుర్రె మీద వేలితో కొట్టినట్టు ఉంటుంది, నుదుటి కండ కాస్త అదరవచ్చు. సాయంత్రం తలనొప్పి వస్తే పారాసిటమాల్ చాలు. ఏటీఎం కార్డులు, ఫోన్, వినికిడి మెషిన్ అవతల పెట్టండి. ఆ రోజు టిఫిన్ తిని, షుగర్ చూసుకుని వెళ్ళండి. గ్లూకోజ్ జేబులో ఉండాలి. రాత్రి నిద్ర లేకపోతే ఫోన్ చేసి ఆ రోజు వాయిదా వేయించండి.

టీడీసీఎస్ చవక, ఫిట్స్ భయం దాదాపు లేదు. ఆసుపత్రిలో ఎవరైనా దాన్ని సూచిస్తే అందులో తేడా కొట్టేవి వేరు. తల కొలిచి చోటు పట్టుకోవాలి. ముక్కు మొదలు నుంచి తల వెనుక బొడిపె దాకా ఒక కొలత, చెవి ముందు నుంచి అవతలి చెవి ముందు దాకా ఇంకొకటి. రెండింటి మధ్యబిందువులూ కలిసేది నడినెత్తి. అక్కడినుంచి చెవి వైపుగా, చెవి నుంచి చెవికి ఉన్న కొలతలో ఐదో వంతు దిగితే చేతి కదలికల భాగం. 35 సెంటీమీటర్ల కొలత అయితే 7 సెంటీమీటర్లు. ప్లస్ ప్యాడ్ ఎడమవైపు ఆ చోట, మైనస్ ప్యాడ్ కుడి కనుబొమ్మ పైన. ఇవి తారుమారైతే ఫలితం కూడా తిరగబడవచ్చు. ప్యాడ్ మామూలుగా 5 సెంటీమీటర్లు వెడల్పు, 7 పొడవు. దాన్ని మెడికల్ షాపులో దొరికే నార్మల్ సెలైన్‌తో తడపాలి, కుళాయి నీళ్ళతో కాదు. స్పాంజి తడిగా ఉండాలి కానీ నీళ్ళు కారకూడదు. కారితే కరెంటు జుట్టంతా పరుచుకుని అనుకున్నచోటికి పోదు. మధ్యలో ఎండిపోతే ఒక్క బిందువు దగ్గర పోగై చర్మం కాలుతుంది. మనవాళ్ళ విషయంలో ఇంకో అడ్డంకి కొబ్బరినూనె. నూనె రాసిన తలలోంచి కరెంటు సరిగా పోదు, మెషిన్ మాటిమాటికీ ఆగిపోతుంది. ఆ పొద్దున షాంపూతో తలస్నానం చేసి, నూనె రాయకుండా వెళ్ళాలి. నుదుటి మీద విభూతి, కుంకుమ తుడిచేయాలి, అక్కడ పుండు గానీ గీత గానీ ఉంటే ఆ రోజుకు మానేయాలి. కరెంటు అర నిమిషంలో నెమ్మదిగా పెరిగి, చివర్లో అలాగే తగ్గాలి. చివరిదాకా ఉండకుండా ప్యాడ్ పీకేస్తే కళ్ళ ముందు మెరుపు మెరిసి ఉలిక్కిపడతారు. కాస్త దురద, చిమచిమ మామూలే. ఒకేచోట సూదిలా మండితే వెంటనే ఆపమనాలి.

ఇంత చదివాక మీ తమ్ముడు "ఇవన్నీ ఇంట్లో చేయలేమా" అనవచ్చు. కొలతలు నేర్చుకోవచ్చు, నిజమే. కానీ ఎక్కువ పెడితే ఎక్కువ లాభం అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. జర్మనీలోని గోటింగెన్‌లో చేసిన ప్రయోగాల్లో, 13 నిమిషాలు పెడితే మెదడు చురుకు పెరిగిన అదే అమరిక, ఆపకుండా 26 నిమిషాలు పెడితే తగ్గించింది. నొప్పితో ఉన్న మనిషి అర్ధరాత్రి లేచి ఇంకో పది నిమిషాలు పెట్టుకుందామనుకోవడం సహజం. ఇంట్లో అలా చూసి ఆపేవాళ్ళుండరు. ఆన్‌లైన్‌లో దొరికే 9 వోల్టుల డబ్బాల్లో కరెంటు ఎంత పోతోందో, ప్యాడ్ ఎండితే ఆగుతుందో లేదో కొన్నవాళ్ళు చూసుకునే దారి లేదు. ఆసుపత్రిలో ఐదు రోజులు చేసి ఫలితం కనబడి, వాళ్ళే మెషిన్ ఇచ్చి ఇంట్లో కొనసాగించమంటే అది వేరే విషయం.

ఫలితం ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఒక నోటు పుస్తకం పెట్టండి. మొదలుపెట్టడానికి రెండు వారాల ముందునుంచే రాయాలి, లేకపోతే ఈ లెక్కకు విలువ లేదు. ప్యాంక్రియాస్ నొప్పి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా పెరిగినప్పుడే ఎవరైనా కొత్త వైద్యానికి వెళతారు, అది తగ్గే రోజులు ఎలాగూ వస్తాయి, ఆ పేరు వైద్యానికి పోతుంది. పొద్దున, మధ్యాహ్నం, పడుకునే ముందు సున్నా నుంచి పదికి నొప్పి ఎంత, ట్రమడాల్ ఎన్ని, రాత్రి ఎన్నిసార్లు లేచారు, భోజనం సగంలో వదిలేశారా, విరేచనం అయిందా. ఇవి చాలు. మొదటి సిట్టింగ్ తర్వాత ఏమీ తెలియకపోయినా కంగారు పడకండి. వరసగా ఐదు నుంచి పది సిట్టింగులు అయ్యాక, ఇంకో వారం రాసి, ముందు రెండు వారాల సగటుతో పోల్చండి. సగటు నొప్పి 30 శాతం లేదా రెండు పాయింట్లు తగ్గితే నిజంగా పనిచేసినట్టు లెక్క. నొప్పి అంకె అంతే ఉన్నా రోజుకు రెండు మాత్రలు తగ్గాయంటే అదీ లాభమే. ఈ రెండూ లేకపోతే ఆపేయండి, పదకొండోది చేయించకండి. ఫలితం ఉంటే వారానికొకటి, తర్వాత రెండు వారాలకొకటి చొప్పున కొనసాగించడం గురించి మాట్లాడవచ్చు. క్లినిక్ వాళ్ళను అడగాల్సింది ఇదే: పదికి మాత్రమే కడతాం, లెక్క చూసి మిగతావి. ఒప్పుకోకపోతే వేరేచోటికి వెళ్ళండి.

సిట్టింగులు నడుస్తున్నా సరే, జ్వరంతో నొప్పి, ఆగని వాంతులు, కళ్ళు పచ్చబడటం, నల్లటి మలం కనిపిస్తే క్యాజువాలిటీకి వెళ్ళాలి.

మీ అమ్మాయి విషయం. తనకు ఇది వద్దు. పిల్లల కడుపునొప్పికి మెదడు మీద నేరుగా ఇచ్చే వైద్యం ఇంకా మామూలు వాడకానికి రాలేదు. అమెరికాలో 2019లో అనుమతి పొందినది వేరొకటి. అప్పట్లో అనుమతి 11 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు. ఐబీఎస్ (పేగులో పైకి కనిపించే జబ్బు లేకుండానే వచ్చే కడుపునొప్పి, విరేచనాల తేడా) తరహా నొప్పికి, చెవి వెనుక చిన్న పరికరం అంటించి, చెవి మీది నరాల కొసలకు సన్నని సూదులతో వారానికి ఐదు రోజుల చొప్పున కరెంటు ఇస్తారు. పెద్ద జబ్బులేవీ లేవని తేలాక వాడేది అది. మీ అమ్మాయికి ఆ మొదటి మెట్టే ఇంకా కాలేదు. మలబద్ధకం, పొద్దున తినకుండా బడికి పోవడం, నులిపురుగులు, మూత్రంలో ఇన్ఫెక్షన్, నెలసరికి సంబంధించిన నొప్పి ముందు చూడండి. ఆల్బెండజోల్ 400 బడిలో ఆర్నెల్లకోసారి ఇచ్చేది వేసుకుందో లేదో కనుక్కోండి.

కానీ మీ ఇంట్లో ఒక్క తేడా ఉంది. తండ్రికి మందు అలవాటు లేకుండానే చిన్న వయసులో ప్యాంక్రియాస్‌లో రాళ్ళు వచ్చాయి. దక్షిణాదిలో కనిపించే ఈ తరహా జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి స్పింక్1 అనే జన్యువులో మార్పు ఉన్నట్టు హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2002లో చూపించారు. ఆ మార్పు ఉన్న ప్రతివాళ్ళకూ జబ్బు రాదు, భయపడాల్సిన పని లేదు. అయినా పిల్లల డాక్టర్‌కు తండ్రి సంగతి తప్పకుండా చెప్పండి. నొప్పి పొట్ట పైభాగంలో వచ్చి వీపుకు పోతున్నా, వాంతులు తోడైనా, నొప్పి ఉన్న ఆ రోజే, ప్యాంక్రియాస్ వాచిందేమో చూపే లైపేజ్ రక్తపరీక్షకు తీసుకెళ్ళండి. వారం ఆగి, నొప్పి తగ్గాక చేయిస్తే జబ్బు ఉన్నా రిపోర్టు నార్మల్ అని రావచ్చు.